స్కూటరు నీడకి మాసిక

పొద్దున్న ఆరున్నర అయ్యేసరికి ఆ ఇంట్లో మూడు చప్పుళ్ళు మొదలయ్యేవి. వంటింట్లో కుక్కరు, ముందుగదిలో కుట్టుమిషను, ఆ రెండింటినీ మించి అత్తగారి గొంతు. అత్తగారు మిషను తొక్కుతూ మాట్లాడేది. కోడలు కత్తెర ఆడిస్తూ ఊ కొట్టేది. భర్త బస్సు కండక్టరు. డ్యూటీకి వెళ్తూ ఇద్దరికీ కలిపి "వస్తా" అనేవాడు. అంతకంటే పెద్ద మాట దూర్చడానికి ఆ ఇంట్లో సందు దొరికేది కాదు.

వాళ్ళది కర్టెన్ల పని. కిటికీలు కొలవడం, గుడ్డ ఎంచడం, కుట్టడం, తీసుకెళ్ళి తగిలించి రావడం. కోడలిని ఆ చుట్టుపక్కల అందరూ పరదాలక్క అంటారు. నలభై దాటింది. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. ఏడాది క్రితం ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నాక ఆమె పని రెట్టింపయింది. వెనక సీటు మీద రెండు గుడ్డ తానులు, కాళ్ళ దగ్గర రింగుల సంచి, పక్కన కట్టిన రాడ్లు. ఆ వాలకం చూసి అత్తగారు, "ఎవరి మీదికమ్మాయ్ ఇవాళ యుద్ధం?" అనేది.

సాయంత్రం ఇంటికొచ్చాక బ్యాటరీ ఊడదీసి, ముందుగదిలో తానుల పక్కన పెట్టి ఛార్జింగు పెట్టేవాళ్ళు. సరైన ప్లగ్గు అక్కడే ఉంది మరి. అత్తగారు నడుం వాల్చే మంచమూ అక్కడే ఉంది.

ఆ మంగళవారం పదకొండింటికి పరదాలక్క బండిని ప్రహరీ పక్కన నిలబెట్టి తానులు కడుతోంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద బండి నీడ అద్దం దగ్గర్నుంచి స్టాండు దాకా కత్తిరించి అతికించినట్టుంది. ఆమె తాడు ముడివేస్తూ చూస్తూండగా ఆ నీడకి నిప్పంటుకుంది.

పెద్ద మంటేం కాదు. సీటు నీడకి వెనకగా, ఎడమ పక్కన, సిగరెట్టు ఆనించినంత ఎర్రటి చుక్క పుట్టి, నెమ్మదిగా చుట్టూ పాకి, అరచేయంత కన్నం చేసింది. అంచులు ముడుచుకున్నాయి. ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చింది. కన్నంలోంచి సున్నం గోడ తెల్లగా కనబడింది. బండి మీద మాత్రం చిన్న మచ్చ కూడా లేదు.

"అత్తయ్యా, బండి నీడ కాలుతోంది. నీళ్ళు పట్రండి."

అత్తగారు దిండు గలీబులు నానబెట్టిన బకెట్టు ఎత్తుకొచ్చి గోడ మీద కుమ్మరించింది. నీడ చల్లారింది. గలీబు ఒకటి గోడకి అంటుకుని కాసేపు ఉండి, తీరిగ్గా జారి కింద పడింది. సీటు ఎత్తి చూస్తే బ్యాటరీ పెట్టె పొయ్యి మీంచి దింపిన గిన్నెలా కాలుతోంది.

ఇంకెవరైనా అయితే అప్పుడే ఒక ఫోటో తీసుకుని కంపెనీకి ఫిర్యాదు రాసేవారు. కానీ గుడ్డతో బతికేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. చిరుగు కనబడగానే ముందు కుట్టేస్తారు, ఎలా చిరిగిందన్నది తర్వాత ఆలోచిస్తారు. పైగా మర్నాడు ఒక బడికి ఇరవయ్యారు కిటికీల కర్టెన్లు తీసుకెళ్ళాలి. కర్టెన్లు కుట్టే మనిషి కన్నం పడ్డ నీడతో ఊళ్ళో తిరిగితే రేపు పనెవరిస్తారని అత్తగారు అడిగింది. కోడలికీ అది నిజమే అనిపించింది.

కాలిన నీడ అంచులు గట్టిపడతాయి కాబట్టి సూది బాగానే దిగింది. వెలుతురు రానివ్వని నల్ల అస్తరు గుడ్డలోంచి గుండ్రంగా ముక్క కోసి, అడుగున పెట్టి, నల్లదారంతో అత్తగారు ఒక పక్కనుంచీ కోడలు ఇంకో పక్కనుంచీ కుట్టుకుంటూ వచ్చారు. ఎండ జరిగిపోతుంటే దాని వెంట ఇద్దరూ పీటలు జరుపుకున్నారు. అయిపోయాక అత్తగారు కళ్ళజోడు పైకీ కిందకీ చేసి వెతికింది. మాసిక ఎక్కడ వేసిందీ ఆవిడకే దొరకలేదు.

"నా పెళ్ళిచీరకి కూడా ఇంత బాగా వేయలేదే," అంది.

ఎనిమిది రోజులు బాగానే గడిచింది. తొమ్మిదో రోజు పొద్దున మాసిక చుట్టూ నీడ గోధుమరంగుకి తిరిగింది. బ్యాటరీ మూత పూర్తిగా పడటం మానేసింది. పెట్టె ఒక పక్కన ఉబ్బింది. పరదాలక్క దాన్ని గుడ్డతో పట్టుకుని పెరట్లో దూరంగా పెట్టి, సర్వీసు సెంటరుకి బండి తోసుకుంటూ వెళ్ళింది, బ్యాటరీ లేకుండానే. వారంటీ ఉంది కదా, ఇంకో బ్యాటరీ ఇస్తారనుకుంది.

అక్కడి ఇంజినీరు మంచి మర్యాదస్తుడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిచ్చాడు. బండికి ల్యాప్‌టాప్ తగిలించి, తమ బ్యాటరీ ఒకటి పెట్టి చూసి, మీ బ్యాటరీ పాత లెక్కలతో సహా అన్నీ నార్మల్‌గానే చూపిస్తోంది మేడమ్ అన్నాడు. ఆమె నీడ సంగతి చెప్పింది. అతను బండిని ఎండలోకి తోసి, మోకాలి మీద కూర్చుని నీడంతా వేలితో తడుముకుంటూ వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ కుట్టు పనేదో జరిగినట్టుంది."

"మేమే కుట్టాం," అంది ఆమె, కాస్త గొప్పగానే.

అతను జేబులోంచి ఒక పెన్ను తీసి జాబ్ కార్డు మీద రాశాడు: అనధికార మరమ్మతు. వారంటీ వర్తించదు.

ఆ తర్వాత ఆమె చేసిన ఫోన్లకి లెక్కలేదు. కాల్ సెంటరు పిల్ల ప్రతిసారీ, మీ ఇబ్బందికి చింతిస్తున్నాం అనేది, ఆ చింత తనదే అన్నంత దిగులుగా. చివరికి కంపెనీ ఒక కాగితం పంపింది. ఉన్న బ్యాటరీనే శుభ్రం చేసి ఇస్తారట. ఇకమీదట ఏ ఫిర్యాదూ లేదని ఆమె సంతకం పెట్టాలట.

సంతకం పెడితే ఆ ఉబ్బిన పెట్టె మళ్ళీ తానుల పక్కకి, అత్తగారి మంచం పక్కకి వస్తుంది. పెట్టకపోతే బండి కదలదు. ఆసుపత్రి కొత్త వార్డుకి కర్టెన్ల పని మూడు నెలల్లో విడతలుగా అందించాలి. రాడ్లు పట్టుకుని బస్సెక్కితే మొదటిరోజే ఒకాయన టోపీ ఎగిరింది, ఇంకొకావిడ కొప్పు ఊడింది. కండక్టరు మొగుడే అయ్యాడు కనక దింపెయ్యకుండా ఊరుకున్నాడు. ఇలా రెండు వారాలు సాగేసరికి, ఇంకా ఆలస్యమైతే వేరేవాళ్ళని చూసుకుంటామని ఆసుపత్రివాళ్ళు మొహం మీదే చెప్పారు.

పక్కింట్లో కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. పని లేక గోడ మీదుగా అందరి సంగతులూ వింటుంటాడు. ఆ కాగితం తెప్పించుకుని చదివి, ముందు చీవాట్లు పెట్టాడు.

"సాక్ష్యాన్ని కుట్టేస్తారటమ్మా ఎవరైనా?"

"సాక్ష్యమని తెలీదు బాబాయ్ గారూ. చిరుగనుకున్నాం."

తర్వాత వరసగా చెప్పాడు. సంతకం పెట్టొద్దు. ఫోన్లో ఏం మాట్లాడినా గాల్లో కలిసిపోతుంది, ప్రతిదీ రాతలో పెట్టు. కొన్న రసీదు, వారంటీ కార్డు, జాబ్ కార్డు, బ్యాటరీ మీది నంబరు ఫోటో, అన్నీ ఒక కవర్లో ఉంచు. బ్యాటరీని వాళ్ళ చేతికి ఒంటరిగా ఇవ్వకు. ఇసక పోసిన తొట్టిలో, ఇంటికి దూరంగా పెట్టు, ఛార్జింగు జోలికే పోకు. ముందు కంపెనీకి నోటీసు. గడువులోగా కదలకపోతే వినియోగదారుల ఫోరం. దానికి వకీలే ఉండాలని లేదు, నీ కేసు నువ్వే చెప్పుకోవచ్చు. బ్యాటరీ మార్చమని అడుగు, లేదా బండి వెనక్కి తీసుకోమను. ఇంకోటి కూడా అడుగు. నీ బ్యాటరీతోపాటు తయారైనవి ఊళ్ళో ఎన్ని ఉన్నాయో. లోపం తయారీలోనే ఉంటే అన్నిటినీ కంపెనీ వెనక్కి పిలిపించాలని అడగొచ్చు.

"మిగతావాళ్ళ సంగతి మనకెందుకు?" అంది అత్తగారు గోడకి ఇవతలనుంచి.

"వాళ్ళలో ఎవరైనా మన పక్కింటివాళ్ళయి ఉండొచ్చు వదినగారూ," అన్నాడాయన. అత్తగారు ఆయన ఇంటివైపు ఒకసారి చూసి, బండి లేదు కదా అని నిర్ధారించుకుని లోపలికెళ్ళింది.

నోటీసుకి కంపెనీ ఏడు పేజీల జవాబిచ్చింది. ఫోరంలో కేసు నంబరు పడింది. విచారణ రోజున కండక్టరు సెలవు పెట్టి, బ్యాటరీ లేని బండిని ఇంటినుంచి ఫోరం దాకా తోసుకొచ్చాడు. దారిలో అతను రోజూ ఎక్కే బస్సే ఎదురైంది, ఇవాళ వేరే కండక్టరుతో. ఆ కండక్టరు మెట్టు మీంచి వంగి, టిక్కెట్టు తీసుకున్నావా అని ఇతన్ని అడిగాడట.

ఫోరం ఒక పాత భవనంలో మేడ మీద ఉంది. అధ్యక్షురాలు బిగించి ముడివేసిన నెరిసిన జుట్టుతో, గట్టి గొంతుతో, కాగితాలు పూర్తిగా చదివే రకం. కంపెనీ వకీలు ఏడు పేజీల్లో ఉన్నదే నోటితో చెప్పాడు. వాహనం కొన్నప్పుడు ఇచ్చే పుస్తకంలో విడిభాగాల జాబితా ఉంది. అందులో నీడ లేదు. నీడ వాహనంలో భాగం కాదు. దానికేమైనా కంపెనీకి బాధ్యత లేదు. ఇక రెండోది, ఫిర్యాదుదారు నీడకి బయట మరమ్మతు చేయించారు కాబట్టి వాహనం వారంటీ రద్దయింది.

అధ్యక్షురాలు పేజీ వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పింది.

"నీడ బండిలో భాగం కాదంటున్నారు. నీడని కుట్టినందుకు బండి వారంటీ పోయిందంటున్నారు. రెంటిలో ఒకటి ఉంచుకోండి. ఏది ఉంచుకుంటారు?"

వకీలు తన క్లయింటుని అడిగి చెబుతానన్నాడు. గుమాస్తా బాబాయ్ వెనక బెంచీలో చిన్న పిల్లాడిలా తొడ చరుచుకున్నాడు.

నీడ చూడాలంటే కిందికి దిగాలి. అందరూ దిగారు. పరదాలక్క సంచిలోంచి బ్లేడు తీసి, తను వేసిన మాసిక తనే విప్పింది. విప్పుతుంటే చేయి రాలేదు. అంత సన్నని కుట్టు మళ్ళీ వేయగలమో లేదో. అత్తగారు పక్కనే నిలబడి, "కుట్టు చూశావా తల్లీ, ఎక్కడా దారం కనబడదు," అని అధ్యక్షురాలికే చూపించింది. ఆవిడ వంగి చూసి, నిజమే, చక్కగా ఉందని అంది. ఆ మాట రికార్డులోకి రాలేదు.

మాసిక ఊడి రాగానే కన్నం బయటపడింది. అధ్యక్షురాలు ఇంజినీరుని పిలిచి, ఈ కన్నం ఉన్నచోట బండిలో ఏముంటుందని అడిగింది. బ్యాటరీ ఎడమ వరస సెల్స్ ఉంటాయన్నాడు అతను. వాటిని విప్పి చూశారా అంది. లేదు, ల్యాప్‌టాప్‌లో నార్మల్‌గా ఉందన్నాడు. వకీలు అందుకుని, ఇల్లంతా గుడ్డలు పేర్చుకుని వాటి మధ్య ఛార్జింగు పెట్టుకుంటే వేడెక్కక ఏమవుతుంది, తప్పు వాడకందారుదే, తయారీలో ఏ లోపమూ లేదని మా ఇంజినీరే రాసిచ్చాడు అన్నాడు. ఇంజినీరు నేల చూస్తూ తలూపాడు. భోజనాల తర్వాత కూర్చుందామని అధ్యక్షురాలు మేడెక్కింది.

పరదాలక్కకి అన్నం సయించలేదు. గుడ్డల మధ్య ఛార్జింగు పెట్టిన మాట నిజమే. దాన్ని పట్టుకుని కేసు కొట్టేస్తే ఆ ఉబ్బిన పెట్టె ఇంటికి రావాల్సిందే, ఆసుపత్రి పని పోవాల్సిందే. డబ్బా మూత పెట్టి, నీళ్ళ సీసా పట్టుకుని ఆవరణలోకి వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ తమ తమ బండ్ల కిందికి దూరి పడుకున్నాయి. గేటు పక్కన ఇంజినీరు మోకాళ్ళ మీద కూర్చుని తన స్కూటరు కిందికి తొంగి చూస్తున్నాడు. తాళంచెవి పోగొట్టుకున్నాడేమో అనుకుంది. అతనిదీ అదే రకం బండి. అదే రంగు కూడా.

"మేడమ్, ఆ నీళ్ళు కాస్త ఇస్తారా?"

అతని గొంతు వినగానే ఆమెకి అర్థమైంది. వంగి, సీసాలో ఉన్నదంతా బండి కింద పోసింది. చిన్న చప్పుడుతో నిప్పు ఆరింది. నీడలో బొత్తాం అంత కన్నం. సీటుకి వెనకగా, ఎడమ పక్కన.

"పొద్దున వచ్చినప్పుడు లేదు," అన్నాడు అతను. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి కొట్టుకుంది. దులుపుకోలేదు. ఆమె భుజాన ఉన్న సంచి వైపు చూశాడు. "మీ దగ్గర ఆ నల్ల అస్తరు ఇంకా ఉందా?"

"ఉంది."

"చిన్నదే కదా. పది నిమిషాల పని."

"మా అత్తగారైతే ఏడు."

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. లోపలికెళ్ళి తను వకీలుతో మాట్లాడతాడు. రాజీకి ఒప్పిస్తాడు. ఆమెకి కొత్త బ్యాటరీ, ఇవాళే, చేతికి. ఆమె కేసు వెనక్కి తీసుకుంటే చాలు. తన బండికి మాత్రం ఎవరికీ తెలియకుండా మాసిక వేసిపెట్టాలి. సొంత బండి నీడ కాలిందంటే, లోపం లేదని రాసిచ్చిన చేత్తో ఏం రాయాలో అతనికి తెలియదు. ఉద్యోగం ఉంటుందో లేదో అంతకన్నా తెలియదు.

పరదాలక్క ఆలోచించింది. ఆలోచించలేదని చెబితే అబద్ధం. కొత్త బ్యాటరీ వస్తే రేపు పొద్దునే ఆసుపత్రికి వెళ్ళొచ్చు. సూది సంచిలోనే ఉంది. దారం ఎక్కించే ఉంది.

"ఈ బండెవరెవరు ఎక్కుతారండీ?" అని అడిగింది.

"నేను. సాయంత్రం మా అమ్మాయి, ఈత క్లాసుకి."

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"ముందు నిలబడుతుందా, వెనక కూర్చుంటుందా?"

"వెనకే."

 ఇద్దరూ సీటు వెనక భాగాన్ని చూశారు. అక్కడ గులాబి రంగు చేప స్టిక్కరు ఒకటి సగం లేచిపోయి ఉంది. పరదాలక్క సంచి జిప్పు పూర్తిగా మూసింది.

"నేను కుడితే కనబడదండీ," అంది. "నా పని అంత బాగుంటుంది. అదే వచ్చిన చిక్కు."

 అతను లేచి, సీటు ఎత్తి, రుమాలు చుట్టుకుని బ్యాటరీ బయటికి లాగాడు. భవనం మరమ్మతుల కోసం ఆవరణ చివర పోసిన ఇసకకుప్ప ఉంది. దాంట్లో గొయ్యి తీసి పెట్టె పూడ్చాడు. చేతులు దులుపుకుని మేడెక్కాడు.

భోజనాల తర్వాత వకీలు మొదలుపెట్టబోతుంటే ఇంజినీరు లేచి, తను రాసిచ్చిన దాన్ని మార్చుకుంటానన్నాడు. వకీలు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. అధ్యక్షురాలు వకీలునే కూర్చోమంది. ఇంజినీరు నిలబడే చెప్పాడు. పరదాలక్క బ్యాటరీతోపాటు తయారైన ఆ ఒక్క వరసలోంచే ఇంతవరకూ పదకొండు బ్యాటరీలు ఉబ్బి వచ్చాయి. జాబ్ కార్డులో వేడి అనే మాట రాయొద్దని పైనుంచి చెప్పారు. తను రాయలేదు. ఇప్పుడు కిందికి వచ్చి తన బండి నీడ కూడా చూడమన్నాడు. అందరూ మళ్ళీ మెట్లు దిగారు. అత్తగారు మాత్రం, నా మోకాళ్ళు ఇంక ఒప్పుకోవు, ఏముందో నాకు తెలుసు అని పైనే కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఆ వరసలో తయారైన ప్రతి బ్యాటరీనీ కంపెనీ వెనక్కి పిలిపించి, ఉచితంగా మార్చాలి. కొన్నవాళ్ళకి నంబర్లతో సహా పత్రికల్లోనూ ఫోన్లోనూ తెలియజేయాలి. మార్చేదాకా వాడొద్దని, ఛార్జింగు పెట్టొద్దని చెప్పాలి. బండి లేక పని చెడినందుకు పరదాలక్కకి నష్టపరిహారం సంగతి తుది తీర్పులో చూస్తారు. ఉత్తర్వు కాగితం చూశాక ఆసుపత్రివాళ్ళు ఇంకో పది రోజులు గడువిచ్చారు. తమ సామాన్ల వ్యాను కూడా ఒకసారి పంపారు.

తర్వాతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఊళ్ళో జనం బండ్లని ఎండలోకి తోసుకొచ్చి గోడల పక్కన నిలబెట్టుకున్నారు. కొందరు నీడల్ని తడిమారు, కొందరు వాసన చూశారు. సర్వీసు సెంటరు ముందు వరస వీధి మలుపు దాటింది. పరదాలక్క ఇంటికి ఎవరో ఒకరు రహస్యంగా వచ్చి మాసిక వేస్తారా అని అడిగేవారు. అత్తగారు తలుపు దగ్గరే కూర్చుని, కిటికీలకైతే వేస్తాం, బండ్లకి వేయం అని పంపేసేది.

ఆమె బ్యాటరీ మూడో వారంలో వచ్చింది. తీసుకొచ్చింది ఆ ఇంజినీరే. అతన్ని విడిభాగాల గోదాముకి మార్చారట. "అక్కడ కిటికీలే లేవు మేడమ్, మీకు పని దొరకదు," అన్నాడు. బ్యాటరీ బిగించి, బండిని ఎండలో తిప్పి చూసి, ఛార్జింగు వరండాలోనే పెట్టమని మూడుసార్లు చెప్పాడు. అత్తగారు అతనికి కుర్చీ వేసింది. జాబ్ కార్డు మీద రాసిన మాట ఇంకా మర్చిపోలేదు కాబట్టి కాళ్ళు కుదురుగా లేని కుర్చీ వేసింది.

ఆ కుర్చీలో ఊగుతూ అతను చెప్పాడు. విచారణ రోజున ఫోరం నుంచి నడిచే ఇంటికెళ్ళాడు. నడిచే కూతుర్ని ఈతకి తీసుకెళ్ళాడు. సగం దారిలో ఉండగా ఫోరం కాపలా మనిషి ఫోను చేశాడు. సాయంత్రం అయిదూ ఇరవైకి ఇసకకుప్ప మధ్యలోంచి మంట లేచిందట. మనిషెత్తు లేచి, పావుగంట మండి, తనంతట తనే ఆరిందట. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అయిదూ ఇరవైకి రోజూ ఎక్కడుంటారు మీరు?" అంది పరదాలక్క.

"పెద్ద వంతెన మీద. ఇద్దరమూ. బండి మీద."

ముందుగదిలో మిషను ఆగింది. అత్తగారు లేచి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి, అతన్ని అందులోకి మారమంది.

"మరి ఆ పిల్లకి చెప్పావా?"

"ఎలా చెప్పనండీ, చెప్పనిస్తేగా? దారిపొడుగునా తిడుతూనే ఉంది. కాళ్ళు నొప్పులట. క్లాసు సగం పోయిందట. సొంత బండి చూసుకోవడం చేతకాదు, నువ్వేం ఇంజినీరువి నాన్నా అంది."

"నువ్వేమన్నావు?"

"ఇంకాస్త తిట్టమన్నాను," అన్నాడు అతను.